ఇరవై నాలుగో వంతు

బెల్లంపల్లి సూక్ష్మ వాహన నిర్మాతల సంఘం కరీంనగర్‌లో జరిగిన చేతిపనుల ప్రదర్శనలో ప్రథమ బహుమతి పొందిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒక షీల్డు, ఎనిమిది శాలువాలు, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం నడవడం లేదు. దానికి మేమేమీ అనుకోలేదు. నడవని వస్తువులంటే మాకు మొదటి నుంచీ ప్రేమ ఎక్కువ.

సంఘంలో ఎనిమిది మందిమి, అందరం రిటైరైనవాళ్ళమే. అధ్యక్షుడు తోమాసు బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. ప్రేమ్‌చంద్ బస్సు డిపోలో మెకానిక్కు. మొండయ్య గుమస్తా. కార్యదర్శినైన నేను, సదానందం, డ్రాయింగు మాస్టర్ని. మిగిలిన నలుగురూ చప్పట్లకు, కోరం నింపడానికి. ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి వెనక ఉన్న పాత సండే స్కూలు గదిలో కూర్చుని, నిజం బండ్లను ఇరవై నాలుగో వంతు చేసి నిర్మిస్తాం. అరిగిన హవాయి చెప్పులు టైర్లవుతాయి. పౌడరు డబ్బా బానెట్ అవుతుంది. రాయడం మానేసిన రీఫిల్లు సైలెన్సర్ అవుతుంది. ఒకసారి పౌడరు ఇంకా సగం ఉండగానే డబ్బా బానెట్ అయిపోయింది. ఆ వారం మొండయ్యకు ఇంట్లో అన్నం పెట్టలేదు.

పని అరగంట, పాత ముచ్చట్లు మూడు గంటలు. మా నియమావళిలో నాలుగో నియమం ఇలా ఉంది: చాయ్ అయిపోయేదాకా ఒక సభ్యుడి జ్ఞాపకాన్ని మరొక సభ్యుడు కాదనరాదు. చాయ్ చాలా పెద్ద ఫ్లాస్కులో వస్తుంది.

ఆ గది వెనక రేకుల షెడ్డులో మా చర్చి దవాఖాన వ్యాన్ ఉండేది. డెబ్బై ఒకటిలో వచ్చింది. దవాఖాన మూతబడ్డాక షెడ్డు చేరింది. దాన్ని ముప్పై ఒక్కేళ్ళు నడిపిన డ్రైవరు అంతయ్య, ప్రతి శుక్రవారం వచ్చి గుడ్డతో తుడిచి, ఇంజిన్ను పలకరించి పోయేవాడు. ఇంజిన్ కూడా నాలుగైదు దగ్గులు దగ్గి మర్యాదగా జవాబిచ్చేది. ఒక శనివారం ఆయన మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"తోమాసు సారూ, ఇంజిన్ మంచిగనే ఉన్నది. నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, జర రంగు. గంతే. మీ చేతులల్ల పనితనం ఉన్నది. మీరు చెయ్యేస్తే బండి లేస్తది. చెన్నూరు దిక్కు ముసలోళ్ళు కండ్లు కనవడక ఇండ్లల్లనే కూసున్నరు. వారానికొక్కపారి తోల్కవచ్చి పరీక్ష చేపిస్త."

మా గుండెలు కరిగాయి. "అంతయ్యన్నా, ఆ బండంటే మాకు పాణం. దానికేం చేసినా తక్కువే" అన్నాడు తోమాసు. వెంటనే అత్యవసర సమావేశం జరిపి, వ్యాన్‌కు ఏదైనా చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చేయగలిగిన వాటిలో మాకు వచ్చినది ఒక్కటే కనుక, దాని నమూనా చేయాలని నిశ్చయించాం.

అంతయ్య ముఖం చిన్నబోయింది. తోమాసు ఆయన భుజం తట్టి వివరించాడు. "ముందుగాల నమూనా. నమూనా గెలుస్తె పేరొస్తది. పేరొస్తె దాతలొస్తరు. దాతలొస్తె బండి లేస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు." ఇంత తర్కం విన్నాక అంతయ్య నమ్మక ఏం చేస్తాడు? నమ్మాడు. కంటి ఆపరేషన్ కోసం రెండు నెలలు కరీంనగర్‌లోని బిడ్డ ప్రవళిక ఇంటికి వెళ్తూ, తాళంచెవి మా చేతిలో పెట్టి వెళ్ళాడు.

పని ఆరంభించగానే రంగు సమస్య వచ్చింది. మీగడ రంగని తోమాసు, నీలమని ప్రేమ్‌చంద్, తెలుపని నేను. తాను అందులోనే పుట్టానని, కళ్ళు తెరవగానే ఆకుపచ్చ కనబడిందని మొండయ్య. వ్యాన్ ఊరికి వచ్చేనాటికి మొండయ్యకు పదకొండేళ్ళు. అయినా ఫ్లాస్కులో చాయ్ ఉంది కనుక ఎవరూ కాదనలేదు. తలుపు తెరిస్తే లోపలి అంచున పాత రంగు కనబడుతుందని అంతయ్య ఫోనులో చెప్పాడు. ఎండకు మారిన వస్తువు సాక్ష్యం చెల్లదని ఆ సూచనను తోసిపుచ్చి, ముగ్గురు సభ్యుల రంగు నిర్ధారణ ఉపసంఘాన్ని చెన్నూరు పంపాం. అక్కడ ఎలీసబెతమ్మ ఉంటుంది. ఆ వ్యాన్‌లో పాతికేళ్ళు తిరిగిన నర్సు, ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు.

"రంగు యాదికి లేదు బిడ్డా" అందామె. "ఎక్కినోళ్ళందరు కక్కుకున్నది యాదికున్నది. కడిగింది నేనే గద."

ఈ సమాచారం నమూనాకు పనికిరాదని ఉపసంఘం నివేదిక ఇచ్చింది. చివరికి ప్రజాస్వామ్యమే గెలిచింది. ఎవరి జ్ఞాపకం ప్రకారం వారు తలా ఒక వ్యాన్ చేయాలని తీర్మానించాం.

అప్పుడు తోమాసు తన జీవితంలోకెల్లా గొప్ప ఆలోచన చేశాడు. హవాయి చెప్పులతో చేస్తే అది బొమ్మ, అసలు వ్యాన్ సరుకుతో చేస్తే అది చరిత్ర అన్నాడు. వెనక తలుపు కింద, ఎవరికీ కనబడని చోట, అరచేయంత రేకు కత్తిరించాడు. అరచేయంతే. చరిత్రకు ఆమాత్రం ఇవ్వని బండి ఎందుకు? నేనూ అరచేయంత తీశాను. అది కోణం తప్పి వంగితే ఇంకొక అరచేయి తీశాను. ప్రేమ్‌చంద్ చక్రాల కోసం కిటికీల రబ్బరు, ఇరుసుల కోసం గేరుబాక్సు లోపలివేవో తీశాడు. సీటు రెగ్జిన్ సీట్లకు, వైర్ల రాగి వైపర్లకు పోయాయి. మొండయ్య మాత్రం ఎంతో సంయమనం పాటించి ఒక్క కార్బురేటర్ తీసుకున్నాడు, తన నమూనాకు పీఠంగా బాగుంటుందని. ఎవరు ఎప్పుడు ఎంత తీశారో ఒకరికొకరం చెప్పుకోలేదు. కళాకారులకు ఏకాంతం అవసరం.

కరీంనగర్ ప్రదర్శనలో మా ఎనిమిది వ్యాన్లు ఎనిమిది రంగుల్లో వరుసగా నిలబడ్డాయి. ముఖ్య అతిథి, గ్రానైట్ వ్యాపారి సంపత్ గారు, వాటిని చూసి చలించిపోయారు.

"సోదర సోదరీమణులారా! చిన్నదానిలో పెద్దదాన్ని చూడగలవాడే మనిషి. ఆ కాలంలోనే ఎనిమిది వ్యాన్లతో ప్రజాసేవ చేసిన మహనీయులకు శిరసు వంచుతున్నాను. ఆ ఎనిమిదింటిలో ఒక్కటైనా మిగిలి ఉంటే టైర్లు నావి, బ్యాటరీ నాది, రంగు నాది. వచ్చే శనివారం నేనే వచ్చి జెండా ఊపుతాను!"

హాలు చప్పట్లతో మారుమోగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్న అంతయ్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతుంటే, ఆపరేషన్ అయిన కన్ను తడవకూడదని మేము ప్రేమగా మందలించాం. ఆయన ఆ సాయంత్రమే ఎలీసబెతమ్మకు ఫోను చేసి, ముసలివాళ్ళను తయారుగా ఉండమని చెప్పాడు.

మర్నాడు అంతయ్యను వెంటబెట్టుకొచ్చి, శాలువాలతోనే షెడ్డు తాళం తీశాం.

ఇంజిన్ దిమ్మ ఉంది. స్టీరింగు ఉంది. డ్రైవరు సీటు తాలూకు స్ప్రింగులు ఉన్నాయి. మిగిలినదంతా గాలి, వెలుతురు. "నేను అరచేయంతే తీసిన" అన్నాడు తోమాసు. "నేను గూడ గంతే" అన్నాడు ప్రేమ్‌చంద్. విచారించగా ఎనిమిది మందిలో ఎవరూ అంతకు మించి తీయలేదని తేలింది, ఒక్కొక్కసారికి.

అంతయ్య బండి చుట్టూ, అంటే బండి ఉండాల్సిన చోటు చుట్టూ, ఒకసారి తిరిగాడు. స్ప్రింగుల మీద కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు.

"మస్తు చిన్నగ చేసిండ్రు సారూ" అన్నాడు. "కని బండి మొత్తం పట్టింది."

నాకు సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను. సిగ్గుపడడం కార్యదర్శి విధుల్లో లేదు కనుక మినిట్స్‌లో రాయలేదు.

శనివారం సంపత్ గారు రానే వచ్చారు. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి తోమాసు వ్యాన్ పెట్టాం. అసలు బండి ఏదని ఆయన అడిగారు. "ఇదే సార్. అసలు రేకు, అసలు రబ్బరు, అన్నీ అసలే" అన్నాడు తోమాసు. ఇందులో అబద్ధమేమీ లేదు. తన ఖర్చు ఇరవై నాలుగో వంతుకు దిగిందని గ్రహించి సంపత్ గారు ఎంతో ఆనందించారు. జెండా ఊపారు. ప్రేమ్‌చంద్ దారం లాగాడు. వ్యాన్ టేబుల్ మీద రెండు అడుగులు నడిచింది. మళ్ళీ రోడ్డెక్కిన దవాఖాన వ్యాన్ అని పేపర్లో ఫోటో పడింది.

ఆ పేపరు చెన్నూరుకు కూడా వెళ్తుందని మేము ఆలోచించలేదు. రెండో రోజు పొద్దున ఎలీసబెతమ్మ ఫోను చేయించింది. "పన్నెండు మందిమి రోడ్డు మీద కూసున్నం బిడ్డా. టిఫిన్లు గూడ కట్టుకొచ్చుకున్నం. బండి ఎంతసేపట్ల వస్తది?" తోమాసు ఫోను నాకిచ్చాడు. నేను మొండయ్యకిచ్చాను. మొండయ్య ఛార్జింగు అయిపోతోందని చెప్పి పెట్టేశాడు.

తర్వాతి శనివారం అంతయ్య సభ్యత్వానికి దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. చేతిలో టేపు, పెన్సిలు, పెద్ద కత్తెర. మమ్మల్ని క్షమించాడని పొంగిపోయాం. చాయ్ పోశాం. మొదటి నమూనాగా ఏం చేస్తున్నావని తోమాసు అడిగాడు.

"మిమ్ములనే సారూ. ఎనిమిది మందిని. మీరు గూడ పాతవడ్డరు గద, ఎవరో ఒకరు యాది పెట్టుకోవాలె."

ఇంతటి గౌరవం మాకెన్నడూ జరగలేదు. తోమాసు తల దువ్వుకుని నిటారుగా కూర్చున్నాడు. అంతయ్య ఆయన ఎత్తు కొలిచాడు, భుజాలు కొలిచాడు, మీసం కొలిచాడు. కాగితం మీద జాగ్రత్తగా రాసుకున్నాడు. తర్వాత కత్తెర తెరిచాడు.

"అసలు సరుకే ఉండాలంటిరి గద. ఫికర్ చెయ్యకుండ్రి సారూ, అరచేయంతే."

సమావేశం నిరవధికంగా వాయిదా పడింది. ఇప్పుడు శనివారాల్లో ఆ గదిలో అంతయ్య ఒక్కడే కూర్చుని, టేపు పక్కన పెట్టుకుని, మా కోసం చాయ్ ఫ్లాస్కుతో ఎదురుచూస్తున్నాడని తెలిసింది.

ఈ కారణంగా సంఘం తన కార్యక్రమాలను ఇతర ఊళ్ళకు విస్తరించాలని నిర్ణయించింది. మీ ఊళ్ళో ఇంకా నడుస్తున్న పాత బండి గానీ, బడి గానీ, దవాఖాన గానీ, దాన్ని తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునే పెద్దమనుషులు గానీ ఉంటే వెంటనే తెలియజేయండి. అలాంటి పెద్దమనుషులు ప్రతి ఊళ్ళో ఉన్నారని మాకు తెలుసు. వచ్చి ఘనంగా గౌరవిస్తాం. రానుపోను ఖర్చులు మావే. అరచేయంత ఇస్తే చాలు.