అరచేతితో విన్న పాట

చింతామణి బజారులో పట్టుబట్టల శ్రీరామయ్యకు ఈమధ్య ఒకటే దిగులు. చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి గానీ పని మానేశాయి. అంగట్లో గిరాకీ ఏమడిగినా చక్కగా నవ్వి ఇంకో చీర విప్పి వేస్తున్నాడు. సంగతి కొడుకు పద్మనాభకు తెలిస్తే గద్దె దిగమంటాడు. ఊరికి తెలిస్తే పేరు ముందున్న పట్టుబట్టలు పోయి, చెవిటి వచ్చి కూర్చుంటుంది.

అంతకంటే పెద్ద దిగులు టేపురికార్డరు. పాట లేనిదే కాఫీ దిగని మనిషికి, పాడేవాళ్లంతా దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినపడుతోంది. సౌండు పెంచితే భార్య సులోచనమ్మకు అనుమానం. పెంచకపోతే పాటే లేదు.

అనుమానం రానే వచ్చింది.

"బెంగుళూరికి పోదాము. చెవికి మిషిను పెట్టించుకుందురు," అంది గొంతు పెంచి.

"నాకేమయ్యింది? చీమ నడిచేది గూడా వినపడ్తాండాది!"

"చీమ సంగతి చీమ చూసుకుంటాది. రేపు పాట పెడ్తాను. కడదాకా తాళం వేస్తే బెంగుళూరు మాటెత్తను. తప్పితే బస్సెక్కాల."

ఆ పూట శ్రీరామయ్యకు అన్నం సహించలేదు. చివరికి ఉపాయం తట్టింది. కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి, అసలు పట్టేదో కల్తీ పట్టేదో చెప్పేయగల వ్యాపారి ఆయన. ఆ వేళ్లకు పాట మాత్రం అందదా? చాటుగా పాట పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. మృదంగం దెబ్బ దెబ్బా చేతికి తెలిసింది!

మర్నాడు సులోచనమ్మ టేపురికార్డరును అరుగు మీద గోడకానించి పెట్టింది. సాక్ష్యానికి ఆయన స్నేహితుడు రామచంద్రప్పను కూడా పిలిపించింది. సాక్షిని చూడగానే శ్రీరామయ్య గబగబా వచ్చి కూర్చుని పెట్టె మీద చెయ్యేశాడు.

"పెట్టె మీద ఆ చెయ్యేమి?" అని సులోచనమ్మ గట్టిగా అడిగింది.

"వేడెక్కుతాదేమోనని చూస్తాండాను."

"బిడ్డకు జొరం చూసినట్ల!"

పాట మొదలైంది. ఎడమచెయ్యి పెట్టె మీద, కుడిచెయ్యి తొడ మీద, కళ్లు మూత. తాళం ఎక్కడా తప్పలేదు. కాసేపటికి మృదంగం జోరందుకుంది. ఇంకా అందుకుంది. అరుగే అదిరిపోతోంది. దిగులంతా ఎగిరిపోయి శ్రీరామయ్య తల ఊగింది.

"ఆహా! ఏం చెయ్యప్పా అది! వింటాండావా రామచంద్రప్పా?"

స్నేహితుడు మైమరిచి ఉంటాడనుకుని ఇంకో ఆహా వేశాడు.

ఎవరో భుజం తడితే కళ్లు తెరిచాడు. రామచంద్రప్ప నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని అరుగు దిగిపోతున్నాడు. సులోచనమ్మ చేతిలో క్యాసెట్టు ఉంది.

"పాట ఎప్పుడో అయిపోయింది," అని ఆమె చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "మీరు తాళమేస్తాండేది గోడవతల రాగులాడించే పిండిమిల్లుకు. నిన్న పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చునింది చూసినాను లెండి. అందుకే మిల్లు ఆడించే పొద్దు చూసి పాట పెట్టినాను."

శ్రీరామయ్య దబాయించాలని నోరు తెరిచాడు. వచ్చింది వేరే మాట.

"దెబ్బ తెలుస్తాండాది సులోచనా. గొంతే వినపడటం లేదు. ఇంకెప్పుడూ వినపడదేమోనని భయమైతాండాది."

సులోచనమ్మ వేళాకోళం మానేసి పక్కన కూర్చుంది.

"పొద్దున బస్సుకు పోదాము."

"అంగట్లో చెవి నుంచి జేబుదాకా వైరు వేలాడితే జనం నవ్వరా?"

"నవ్వనీండి. వాళ్లు నవ్వేదన్నా వినపడ్తాది గదా!"

శ్రీరామయ్యకు కోపం రావాలి. రాలేదు. మిషిను పట్టేంత చోటుందో లేదోనని, మెల్లగా చొక్కా జేబు తడిమి చూసుకున్నాడు.