గుడ్డిమూల చల్లగా ఉండాలి

ఇలా దగ్గరికి రండి. కుర్చీ లేకపోతే గడప ఉంది, కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. మా మనవడు హరిబాబు చెవిన పడితే ఈ పూట అన్నం మానేస్తాడు.

కారుకున్న అసలు వరం ఏమిటో తెలుసా? ఇంజనా? ఏసీనా? కాదు, గుడ్డిమూల! పక్క అద్దంలో చూసినా, నడిమి అద్దంలో చూసినా డ్రైవరుకు కనబడని చోటు ఒకటి ఉంటుంది. చదువుకున్నవాళ్ళు బ్లైండ్ స్పాట్ అంటారు. వెనక తలుపు పక్కన ఒక మోటారు సైకిలు, కావాలంటే ఒక దున్నపోతు హాయిగా పట్టేంత చోటు. లైను మారేముందు మెడ తిప్పి ఆ చోటును కూడా చూసుకోవాలట! ఎవరో పనిలేనివాళ్ళు చెబుతున్నారు.

ఈ వరం పుణ్యమా అని మా ఊరి పొజ్జా కాలు ఇప్పుడు సిమెంటు కట్టులో ఉంది. జీలుగు చెట్లెక్కి కల్లు దించడం అతని బతుకు. మా బస్తరులో ఆ చెట్టును సల్ఫీ అంటారు. ఆ కాలు మళ్ళీ చెట్టెక్కుతుందో లేదో డాక్టరుకే తెలియదు. ఆ సంగతికి వస్తాను. ముందు వరం గొప్పతనం వినండి.

మా ఆయన రామనర్సయ్య ఎడ్లబండి కట్టుకుని భద్రాచలం వెళ్ళేవాడు. బండికి అద్దాలెక్కడివి? పక్క బాటలోకి మళ్ళాలంటే పాపం ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చేది. చూస్తే ఎవరో ఒకరు నడిచొస్తుండేవారు. కనబడ్డాక పలకరించాలి. పలకరించాక ఎక్కించుకోవాలి. ఇల్లు చేరేసరికి బండి నిండా జనం, వాళ్ళందరికీ నేను అన్నం వండాలి! ఇప్పుడా బాధ ఉందా? కనబడనివాడికి అన్నం పెట్టక్కర్లేదు.

ఇనుపరాయి మోసే లారీల సంగతి చెప్పాలా? వాటి గుడ్డిమూలలో మా వారపు సంతంతా పెట్టొచ్చు, కోడిపందెంతో సహా! వెనక మాత్రం హారన్ కొట్టమని రంగు రంగుల అక్షరాలతో రాసి ఉంటుంది. నెత్తిన ఇప్పపూల గంప పెట్టుకుని నడిచే ఆడమనిషి హారన్ ఎక్కడ కట్టుకోవాలో అది మాత్రం రాయరు.

ఇంకొందరు ఉన్నారు, మహా పొదుపరులు. పక్క అద్దానికి గీత పడుతుందని దాన్ని మడిచే ఉంచుతారు. కొత్త బండి కదా! నడిమి అద్దానికి పూసలు, తాయెత్తు, బొమ్మ కోతి వేలాడదీస్తారు. వెనక ఏమొస్తోందో ఆ కోతి చూసుకుంటుంది.

పెద్ద సాహెబుల జీపులకైతే చుట్టూ నల్ల అద్దాలే. లోపల కూర్చుంటే అన్నివైపులా గుడ్డిమూలే! మా బోరింగు దగ్గర బిందెల వరస ఇన్నేళ్ళుగా వాళ్ళకు కనబడలేదంటే వాళ్ళ తప్పా? అద్దం తప్పు.

ఇక మా హరిబాబు. బంగారం లాంటి పిల్లవాడు. చదివింది సుక్మా హిందీ హాస్టల్లో, కారు నేర్చుకుంది జగదల్‌పూర్‌లో హిందీ మాస్టరు దగ్గర. అన్నం తెలుగులో తింటాడు, బండి హిందీలో నడుపుతాడు. స్టీరింగు చేతికి రాగానే వాడి చెవులు కూడా హిందీలోకి మారిపోతాయి.

ఆరోజు నా కళ్ళు చూపించడానికి సుక్మా తీసుకెళ్తున్నాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏసీ పడక కిటికీ అద్దం దించుకుని వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాను. ముందొక లారీ. దాన్ని దాటాడు. ఇక ఎడమ లైనులోకి రావాలి. ఇండికేటరు వేశాడు. అద్దం చూశాడు. అద్దం ఖాళీ!

నా కిటికీ మాత్రం ఖాళీగా లేదు. లారీకి ముందు పోతున్న పొజ్జా మోటారు సైకిలు సరిగ్గా నా తలుపు పక్కన ఉంది. శుక్లాల కంటికే అతని చెవిపోగు కనబడింది. నన్ను గుర్తుపట్టి తల ఊపాడు కూడా. కారేమో అటే జరుగుతోంది.

"ఆగు, ఆగు!" అని అరిచాను.

తెలుగులో ఆగు అంటే నిలబడమని. హిందీలో ఆగే అంటే ముందుకు పొమ్మని. స్టీరింగు పట్టిన మా వాడికి ఏది వినబడి ఉంటుంది? నాయనమ్మ హుషారుగా ఉందనుకుని ఇంకాస్త తొక్కాడు, ఇంకాస్త ఎడమకి వచ్చాడు. పొజ్జా రోడ్డు దిగి రాళ్ళలోకి పోయాడు. మోటారు సైకిలు అతని కాలి మీద పడింది.

కళ్ళాసుపత్రికి పోవాల్సిన కారు ఎముకలాసుపత్రికి పోయింది. పొజ్జా కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా హరిబాబుది ఒకటే మాట.

"అద్దంల లేడే నాయనమ్మా. ఒట్టు, అద్దంల లేడు."

డాక్టరుకూ అదే చెప్పాడు. ఊరి పెద్దలకూ అదే చెప్పాడు. కారున్న పెద్దలంతా నిజమేనన్నారు. అద్దంలోకి రాకుండా రోడ్డు మీదికి రావడం మనిషి తప్పు కాదా? ఎంత న్యాయమైన మాట!

మొన్న హరిబాబు బియ్యం, పండ్లు పట్టుకుని, పెద్దరోడ్డు మీదుగా కారేసుకుని గూడెంలోని పొజ్జా ఇంటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. పొజ్జా వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మా వాడు చెప్పులు కూడా విప్పకుండా మళ్ళీ అదే మొదలుపెట్టాడు, అద్దంల లేవు కాకా అని.

పొజ్జా అంతా విన్నాడు. కట్టు మీద వాలిన ఈగను తోలాడు.

"సరే బాబూ," అన్నాడు. "కాలు బాగైనంక నీ అద్దంల కనబడేకాడనే బండి నడుపుత. అది ఏడుంటదో చెప్పు, ఆడనే ఉంట."

హరిబాబు వంగి చెప్పులు విప్పాడు. పొజ్జా భార్య మా వైపు చూడనేలేదు, పెరట్లో జీలుగు చెట్టును చూస్తోంది. ఎక్కేవాళ్ళు లేక పైన కుండ నిండిపోయి, కల్లు మాను పొడుగునా తెల్లగా కారుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు లైను మారేముందు మా వాడు మెడ తిప్పి చూశాడు. ఎంతసేపు పట్టిందనుకున్నారు? రెప్ప వేసినంత. ఆ రెప్పపాటును మిగుల్చుకోవడానికే కదా నేనింతసేపూ పొగిడిన వరం! కారుకు గుడ్డిమూల ఎక్కడుందో ఇంజనీర్లు బొమ్మ గీసి చూపిస్తారు. పక్కవాడు కనబడకపోతే లేనట్టేనని తేల్చుకున్న మనిషికి అది ఎక్కడుందో ఎవరు గీస్తారు?

కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో స్టీరింగు పట్టేవాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి. ఇండికేటరు వెయ్యమనండి, అద్దాలు చూడమనండి, అక్కడితో అయిపోయిందనుకోకుండా మళ్ళబోయే వైపు మెడ తిప్పి భుజం మీదుగా చూడమనండి. వాళ్ళు ఇంకొకరికి చెప్పాలి. చెప్పిందెవరని అడిగితే నన్ను మర్చిపోయినా ఫరవాలేదు. పొజ్జా ఇంకా మంచం మీదే ఉన్నాడని మాత్రం చెప్పండి.