కాలిన నాలుక

బిస్కెట్ల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ నాలుకయ్య అనేవారు. పొద్దున్నే పొయ్యిలోంచి వచ్చిన మొదటి పళ్ళెం రుచి చూసి అతను ఊఁ అంటేనే మిగతా సరుకు పెట్టెల్లోకెక్కేది. ఆ రోజు కొత్త తీపి బిస్కెట్. మధ్యాహ్నం యజమాని స్వయంగా వస్తాడు. పెందలాడే వెళ్ళాలని నాలుకయ్య కాఫీ అందుకున్నాడు.

"పొగలు కక్కుతోంది, ఊదుకుని తాగండి," అంది భార్య.

"రుచి చూడ్డం నా వృత్తి. కాఫీ తాగడం నువ్వు నేర్పాలా?" అని ఒక్క గుక్కలో పోసుకున్నాడు. నాలుకకు నరం లేదన్న పెద్దమనిషి ఎవరోగాని, వేడి కాఫీ తాగి ఉండడు.

అద్దంలో చూసుకుంటే నాలుక తెల్లగా ఉడికిపోయింది. రుచి మొగ్గలుండేది దాని మీది సన్నని బొడిపెల్లోనే. చెంచాడు చక్కెర వేసుకున్నాడు. ఇసుక నమిలినట్టుంది.

ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. మేనేజరు టార్చి వేసి నాలుక చూశాకే రుచి చూడాలి. నాలుక బాగోలేకపోతే ఆ పని మేనేజరు బావమరిదికి పోతుంది. పిండి కలిపే ఆ బావమరిది నాలుకయ్య కుర్చీ మీద ఎప్పుడో కన్నేశాడు. ఒకసారి కూర్చున్నాడంటే లేవడు.

నాలుకయ్య దారి పొడుగునా ఎర్ర చాక్లెట్టు చప్పరించాడు.

"నోరు తెరువు. ఇదేంటయ్యా, మందారంలా ఉంది?" అన్నాడు మేనేజరు.

"పుచ్చకాయ తిన్నానండీ."

"ఇంత ఎరుపా? కాయంతా తిన్నావా?"

"మా ఆవిడ వదల్లేదండీ."

పళ్ళెం వచ్చింది. వెన్న వాసన, వెనిలా వాసన ఘుమ్మన్నాయి. ముక్కు తన పని తాను చేసింది. కానీ చక్కెరకు వాసన లేదు, ఉప్పుకూ లేదు. వాటిని తేల్చాల్సింది నాలుకే. నమిలాడు. ఏమీ తెలియలేదు.

"దివ్యంగా ఉంది," అన్నాడు.

మేనేజరు కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు కషాయం! కానీ పిండి కలిపింది బావమరిది, వాణ్ణి పనిలో పెట్టించింది తను. "అద్భుతం," అన్నాడు.

బావమరిది కొరికాడు. చక్కెర బస్తా బదులు ఏ బస్తా విప్పాడో అప్పుడు తెలిసింది. "అమృతం బావా!" అంటూ మంచినీళ్ళ కుళాయి వైపు పరిగెత్తాడు. వాసనను నమ్మి అన్నమాట నిజమైందనుకుని నాలుకయ్య తన ముక్కుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. సరుకంతా పెట్టెలకెక్కింది.

మధ్యాహ్నం యజమాని ఒకటి కొరికి, తూ అని ఉమ్మాడు. "ఎవడయ్యా దీన్ని బాగుందన్నది? ఏదీ, ఆ టార్చి ఇలా తే!"

అప్పటికి నాలుకయ్య నాలుక మీది రంగు వెలిసిపోయింది.

"కాలిన నాలుక! పొద్దున నువ్వు చూసి పంపింది దీన్నేనా?" అని మేనేజరు మీద లేచాడు.

"తప్పు నాదేనండీ," అన్నాడు నాలుకయ్య. "కుర్చీ పోతుందని రంగు పులిమి దాచాను. రుచి తెలియలేదు. మేనేజరుగారూ, వారి బావమరిదీ తిని బాగుందంటే నిజమే అనుకున్నాను."

"నీ పని తర్వాత చెప్తా. తెలియనివాడు తెలియక బాగుందన్నాడు. మీరిద్దరూ తిన్నారుగా, మీ నాలుకలకేం రోగం? చాపండి."

టార్చి వెలుగులో ఆ రెండు నాలుకలూ గులాబీ రంగులో, ఆరోగ్యంగా మెరిశాయి.

కాలిన నాలుక వారం తిరక్కుండా మానిపోయి, పాత కుర్చీలోనే కూర్చుంది. బాగున్న నాలుకలు రెండూ ఇంకా పని వెతుక్కుంటున్నాయి.