ఒకటో నంబరు బెంచీలు నాలుగు

సోమవారం పొద్దున్న చర్చి సంఘం సెక్రటరీగారి పథకం ఎంత తేలికగా ఉందంటే, దాన్ని ఆయన కాగితం మీద కూడా పెట్టలేదు. ఎనిమిదింటికి వడ్రంగి వచ్చి పాత చర్చిలోని ఇరవై నాలుగు బెంచీలూ ఆవరణలోకి చేరుస్తాడు. మేస్త్రీ పగుళ్లిచ్చిన నేల తవ్వి కొత్త గచ్చు చేస్తాడు. శుక్రవారం బెంచీలు మళ్లీ లోపలికి. శనివారం పదింటికి కూతురి పెళ్లి.

కాబోయే వియ్యంకుడికి ఆ చర్చి మొదటినుంచీ నచ్చలేదు. "అడుగేస్తే నేల పగుళ్లలో కాలు ఇరుక్కునే చోట పెళ్లేమిటండీ? హాలు మాట్లాడి ఉంచాను. శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తా. బాగుంటే సరే, లేకపోతే హాలే" అన్నాడు. కూతురు మాత్రం చేసుకుంటే అక్కడే చేసుకుంటానని భీష్మించుకు కూర్చుంది. "నాన్నా, నువ్వు మాటిచ్చావు" అని ఆ పిల్ల రోజూ గుర్తుచేసేది. ఆయన చాలామందికి చాలా మాటలిచ్చారు. ఈ ఒక్కటైనా నిలబెట్టుకోవాలని ఆయనకి నిజంగానే ఉంది.

వడ్రంగి తన పని తాను చేసుకుపోయాడు. ఆ నేల నూరేళ్లుగా కుంగుతూ, ఒక్కో మూల ఒక్కో వాలు తిరిగింది. అతని తాతా తండ్రీ ఆ వాలుకి తగ్గట్టు బెంచీల కాళ్లు కోస్తూ వచ్చారు. ఒకదాని చోట ఇంకోటి వేస్తే ఊగుతుంది. అందుకని ద్వారం దగ్గర మొదలుపెట్టి, తీసిన వరసలో ప్రతి బెంచీకీ వెనక చెక్క మీద సుద్దతో నంబరు వేశాడు. ఎందుకు వేశాడో ఎవరికీ చెప్పలేదు. అడిగితేగా చెప్పడానికి!

మర్నాడు పొద్దుటి నడకకి అటు వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరుగారు, తాను ముప్ఫై ఏళ్లుగా కూర్చునే బెంచీ మీద పంతొమ్మిది చూశారు. జీవితమంతా పిల్లలకి ర్యాంకులిచ్చిన మనిషికి, తన ర్యాంకు గుర్తుపట్టడానికి ఎంతసేపు? తిన్నగా సెక్రటరీ ఇంటికెళ్లారు.

"ఇన్నేళ్ల నా సేవకి పంతొమ్మిదో నంబరా?"

"అవి వడ్రంగి తన గుర్తు కోసం వేసుకున్నవండీ, మాష్టారూ."

"వడ్రంగికి నేనంటే అంత చులకన ఎందుకయ్యా?"

సెక్రటరీగారు అప్పటికే పిలుపుల జాబితాతో తలమునకలై ఉన్నారు. "మీకు ఏ నంబరు కావాలంటే అదే మీది. సరేనా?" అన్నారు వదిలించుకోవడానికి. మాష్టారు దాన్ని సంఘం ఉత్తర్వుగా స్వీకరించి, చర్చికి తిరిగెళ్లి, తడిగుడ్డతో తొమ్మిదిని తుడిచేశారు. ఒకటి మిగిలింది.

గంటలో వార్త గుప్పుమంది. గచ్చుకి సిమెంటు ఊరికే ఇచ్చిన షాపాయన తన బెంచీ మీద కూడా ఒకటి వేసుకుని, సుద్దని నమ్మలేక ఎర్ర పెయింటుతో దిద్దించాడు. పాటల బృందం నడిపే ఆవిడ ఆ రెండు ఒకట్లనీ చూసి, "మీతో వాదించడం నా వల్ల కాదు బాబూ" అంటూ తన బెంచీ మీద సున్నా చుట్టి వెళ్లిపోయింది. ఇంకొకరూ ఒకటే వేసుకోవడంతో, వడ్రంగి వేసిన అసలుదానితో కలిపి బుధవారానికి ఒకటో నంబరు బెంచీలు నాలుగయ్యాయి.

సెక్రటరీగారు వెళ్లి పాస్టరుగారి కాళ్లావేళ్లా పడ్డారు. పాస్టరుగారు ఆవరణలోని ఆ బెంచీల మీదే అందరినీ కూర్చోబెట్టి, వినయం గురించి గంటుంబావు మాట్లాడారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అన్నిటికన్నా చివరిదైన ఇరవై నాలుగో నంబరు నాదంటే నాదని ఆ సాయంత్రమే ముగ్గురు కొట్లాటకి దిగారు.

శుక్రవారం వడ్రంగి వచ్చి, నంబర్లు చూసి, తల పట్టుకున్నాడు.

"ఏది ఎక్కడిదో ఇప్పుడు నాకెలా తెలుస్తుందండీ?"

"ఎలాగోలా గుర్తుపట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది. సాయంత్రం వియ్యంకుడొస్తాడు!" సెక్రటరీగారికి ఏడుపొక్కటే తక్కువ.

తోచిన చోట ఒక బెంచీ వేశారు. ఊగింది. పక్కకి జరిపారు. ఊగింది. సాయంత్రం దాకా అన్నిటినీ అన్ని చోట్లా తిప్పారు. మేస్త్రీ గోడకానుకుని చోద్యం చూస్తున్నాడు.

"మీరెంత తిప్పినా అంతే. నేను మట్టం పెట్టి మరీ చదును చేశా. చెంబుడు నీళ్లు పొయ్యండి, ఎటన్నా పారితే నన్నడగండి."

"నేలంతా చదును చేసేశావా?" వడ్రంగి నోరు తెరిచాడు. "మరి ఈ పొట్టీ పొడుగూ కాళ్లు ఏం కావాలి?"

"పాత గుంటలు మళ్లీ అలాగే దించమని నాకెవరన్నా చెప్పారా?"

ఒకటోదీ లేదు, పంతొమ్మిదోదీ లేదు. నాలుగు రోజులు కొట్టుకు చచ్చిన నంబర్లలో ఏ ఒక్కదానికీ లోపల చోటు లేదు.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడు వచ్చి, ఎర్ర పెయింటు బెంచీ ఘనంగా కనబడితే దాని మీద కూర్చున్నాడు. బెంచీ ఒక పక్కకి ఒరిగింది, ఆయన ఇంకో పక్కకి ఒరిగాడు.

"ఇదేమిటండీ, ఉయ్యాలా? హాలువాళ్లకి ఇప్పుడే చెప్పేస్తున్నా" అంటూ ఫోను తీశాడు. సెక్రటరీగారు కూతురి వైపు చూడలేక కొత్త గచ్చు వైపు చూస్తూ నిలబడిపోయారు.

కిటికీలు తుడుస్తున్న కూతురు గుడ్డ అక్కడ పడేసి వచ్చింది. "మామయ్యగారూ, ఒక్క నిమిషం. బెంచీలు మళ్లీ బయట పెట్టించేద్దాం. అందరం నిల్చునే చేసుకుందాం."

"మావాళ్లు గంటన్నర నిలబడతారా అమ్మా?"

"నిలబడరు. ఆ సంగతి పాస్టరుగారికీ తెలుసు."

వియ్యంకుడికి నవ్వొచ్చింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పెళ్లి అక్కడే జరిగింది. ముందు వరస లేదు, వెనక వరస లేదు. కాళ్ల నొప్పులవాళ్లకని నాలుగు కుర్చీలు వేశారు గానీ, కూర్చుంటే ముసలివాళ్లమని ఒప్పుకున్నట్టవుతుందని ఎవరూ కూర్చోలేదు. మాష్టారూ సిమెంటు షాపాయనా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. జనం కాళ్లు మార్చుకోవడం చూసి పాస్టరుగారు ప్రసంగం తొమ్మిది నిమిషాల్లో ముగించారు. "మాట నిలబెట్టుకున్నావు నాన్నా" అని కూతురు అంటే సెక్రటరీగారు నలుగురిలోనూ వెక్కి వెక్కి ఏడ్చారు. తాను చేసిందేమీ లేదని మాత్రం చెప్పలేదు.

ఆదివారం వడ్రంగి రంపం పట్టుకుని, కాళ్లు సరిచేస్తానంటూ వచ్చాడు. అంత తొందరేమీ లేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి అతన్ని పంపేసింది. పాస్టరుగారి అభిప్రాయం ఎవరూ అడగలేదు.