సాధారణ సభ్యురాలి అభిమాన పాట

ఫలానా పాట నచ్చడం మనిషి సొంత వ్యవహారమని జనం చాలాకాలం అజ్ఞానంలో బతికారు. కడపలో ఆ పొరపాటును 2007లో సరిదిద్దారు.

సరిదిద్దింది 'నాపరాయి' రాక్ బ్యాండ్ కడప టౌన్ అభిమానుల సంఘం. నాపరాయి అంటే ముగ్గురు: గిటారుతో పాడే లేవి, బేస్ గిటారు కిరణ్‌కుమార్, డ్రమ్స్ ఓబుళేశు. ఏ సినిమాకూ వాయించలేదు, ఏ కంపెనీ గడపా తొక్కలేదు. లేవి వాళ్ల మిద్దె మీద రికార్డు చేసుకుని, సీడీలు తామే కాపీ చేసి పంచారు. అభిమానులు పద్నాలుగు మంది. (పదిహేనో ఆయన పొద్దుటూరుకు బదిలీ అయ్యాడు.)

అధ్యక్షుడు గిడ్డయ్య అంతకుముందు ఒక సినిమా హీరో అభిమానుల సంఘంలో పదేళ్లు పనిచేశాడు. ఫ్లెక్సీలో తన ఫోటో హీరో మోచేతి కింద పడిందని అలిగి బయటికొస్తూ, నియమావళిని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. గౌరవాధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, చిన్నచౌకు కన్వీనరు, బస్టాండు పరిశీలకుడు... ఇలా పదమూడు పదవులు పదమూడు మందికి చక్కగా సరిపోయాయి. పదవి లేకుండా మిగిలింది హిమబిందు ఒక్కతే. ఏడురోడ్ల దగ్గర డీటీపీ సెంటర్లో పనిచేసే ఆ పిల్లే మిగతా పదమూడు మంది లెటర్‌హెడ్లూ టైపు చేసింది.

ఇంతలో లేవికి టీచరు ఉద్యోగం వచ్చింది. రాజంపేట అవతల ఎక్కడో పోస్టింగు. బ్యాండ్ ఇక ఉండదు. ఆఖరి కచేరీ ఒకటి చేస్తామని, అభిమానులు చెప్పిన ఐదు పాటలే వాయిస్తామని వాళ్లు సంఘానికి మాటిచ్చారు.

హిమబిందుకు ప్రాణమైన పాట 'మిద్దె మింద మే నెల'. సీడీలో చిట్టచివరిది. రికార్డింగు మధ్యలో కరెంటు పోతుంది, టేపు మాత్రం బ్యాటరీ మీద నడుస్తుంటుంది. లేవి ఆపకుండా ఉత్త గొంతుతో పాడుతుంటాడు. కింది నుంచి వాళ్లమ్మ కరుణమ్మ "నీళ్లొచ్చినాయి, బిందెలు పట్టురా!" అని కేకేస్తుంది. లేవి పాడుకుంటూనే మెట్లు దిగిపోతాడు, పాట సన్నగిల్లిపోతుంది. బ్యాంకు పరీక్ష తప్పిన రోజు హిమబిందును నవ్వించింది ఆ ఒక్క పాటే. దాన్ని వాళ్లు స్టేజీ మీద ఎన్నడూ వాయించలేదు. ఇప్పుడు వాయించకపోతే ఇంక లేదు.

ఆమె గిడ్డయ్య దగ్గరికి పోయింది.

"అభిమాన పాట పెట్టుకునే హక్కు సాధారణ సభ్యులకే ఉండాది పాపా," అన్నాడు గిడ్డయ్య. "పదవిలో ఉండేటోళ్లం ఒక పాట ఎక్కువ, ఒకటి తక్కువ అనకూడదు. పక్షపాతమైతాది."

"సాధారణ సభ్యురాలిని నేనొక్కదాన్నే గదన్నా. అయితే నేను చెప్పిందే జాబితా."

"యాడ? కోరం ముగ్గురు. ఇంకా ఇద్దరు కావల్ల."

"ఎవరన్నా ఇద్దరు పదవి వదులుకుంటే?"

గిడ్డయ్య లేచి తలుపు దగ్గరికి వేశాడు. "అట్లాంటి మాటలు బయట అనొద్దు."

ఆమె బస్టాండు పరిశీలకుడు బసవరాజును బతిమాలింది. "నాకూ ఇష్టమేనమ్మా. కానీ పెండ్లి పత్రికలో నా పేరు కింద పదవి అచ్చేసినారే!" అని అతను నిజంగానే బాధపడ్డాడు.

చివరికి బ్యాండ్ వాళ్లనే సాధారణ సభ్యులుగా చేరమంది. దరఖాస్తులో 'బ్యాండుతో పరిచయం ఎన్నాళ్లుగా?' అన్నచోట లేవి 'మొదటి నుంచీ' అని రాశాడు. అతనిదీ కిరణ్‌కుమార్‌దీ మంజూరయ్యాయి. ఓబుళేశుది తిరిగొచ్చింది. (రెండు పాటలు తనకు పెద్దగా నచ్చవని నిజాయతీగా రాశాడు. అభిమానం చాలదని సంఘం తేల్చింది.)

కోరం కుదిరింది. కానీ లేవి అడ్డం తిరిగాడు.

"ఆ పాటొద్దు. మా అమ్మ అరుపు ఇనబడుతాది. శానా సిగ్గు."

"గీతలు పడి రెండు సీడీలు పోయినాయి లేవి అన్నా. ఇప్పుడు ఇంటాండేది మూడోది," అంది హిమబిందు.

లేవి ఆ పాటకే చెయ్యెత్తాడు.

కచేరీ ఒక కల్యాణ మండపంలో జరిగింది. వేదిక మీద పదమూడు కుర్చీలు వేశాక బ్యాండుకు చోటు లేక, వాళ్లను కింద నేల మీద సర్దారు. ఉపన్యాసాలు రెండు గంటలే పట్టాయి. నాలుగు పాటలయ్యాయి. ఐదోదానికి ముందు గిడ్డయ్య మైకు అందుకున్నాడు.

"కోరం సాధించిన హిమబిందుగారిని నాలుగో ఉపాధ్యక్షురాలిగా నియమిస్తాండాము!"

శాలువా కప్పి, పద్నాలుగో కుర్చీలో కూర్చోబెట్టారు. పాట మొదలైంది. సగంలో కిరణ్‌కుమార్ కరెంటు స్విచ్చి ఆపేశాడు. లేవి ఉత్త గొంతుతో పాడుతుంటే వెనక వరసలోంచి కరుణమ్మ ఎవరూ అడక్కుండానే "నీళ్లొచ్చినాయి, బిందెలు పట్టురా!" అని కేకేసింది. లేవి నవ్వుతూ, పాడుతూ గుమ్మం దాటి నడిచిపోయాడు. హిమబిందు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సంతోషం ఆమె ఎప్పుడూ ఎరగదు. చేతులు చప్పట్లకు లేచాయి.

గిడ్డయ్య ఆ చేతులు మెల్లగా కిందికి దించాడు. "పదవిలో ఉండావు పాపా."

మరునాడు మినిట్స్ హిమబిందే టైపు చేసింది: 'ఆఖరి పాట సాధారణ సభ్యులందరినీ విశేషంగా అలరించినది.' అప్పటికి సంఘంలో మిగిలిన సాధారణ సభ్యులు ఆ పాట వాయించిన లేవి, కిరణ్‌కుమార్ ఇద్దరే.