కూర్మారావుగారి రాజపూజ్యం

“శాస్త్రం అబద్దం సెప్పదు!” అని బల్ల గుద్ది మరీ చెప్పాడు కూర్మారావు.

ఒడిశాలోని రాయగడ తెలుగువాళ్ళ సంఘానికి ఆయన అధ్యక్షుడు, బజారులో టోకు వ్యాపారి. జనవరి ఒకటిన కేకు కోసేవాడు తెలుగువాడే కాడని ఊరంతా చాటాడు. ఆ కేకులకి మైదా, డాల్డా వెళ్ళింది ఆయన కొట్లోంచే. అది వ్యాపారం, ఇది సంస్కృతి! మన సంవత్సరాది ఉగాది. ఆ రోజే సంఘంలో పంచాంగ శ్రవణం, అది కాగానే చేతులెత్తించి అధ్యక్షుడి ఎన్నిక.

ఉగాది ముందురోజు పంచాంగం తిప్పిన కూర్మారావుకి గుండె జారింది. తనది వృషభరాశి. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు! ఇది సభలో చదివితే తనకి చెయ్యెత్తేదెవరు? పోటీకి కాచుక్కూర్చున్న ఆదిశేషు కుర్చీ ఎగరేసుకుపోడూ!

సన్నబియ్యం బస్తాతో పురోహితుడు సన్యాసయ్య ఇంటికి వెళ్ళాడు.

“పంతులుగారూ, ఆ రెండంకెలూ అటుదిటు సేసి సదివెయ్యండి.”

“శాస్త్రం మార్చమంటారా బాబూ!”

“శాస్త్రం ఎవుడు మార్సమన్నాడు? సదవడం మార్సమంటన్నాను.”

సన్యాసయ్య బస్తా వంక చూశాడు. తేడా ఆయనకి బాగానే బోధపడింది.

మర్నాడు సభ నిండింది. ముఖ్య అతిథి ఓ ఒడియా ఆఫీసరు. బజారులో బేరాలాడి నేర్చుకున్న అంకెలు తప్ప ఆయనకి తెలుగు రాదు.

“మేషం, రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి!”

చప్పట్లు.

“వృషభం, రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి!”

కూర్మారావు మీసం దువ్వాడు. మిథునానికీ ఏడే! కర్కాటకానికీ ఏడే! ‘ఏడు’ వినపడితే చాలు, అతిథి “భొలొ, భొలొ!” అని ఒడియాలో మెచ్చుకుంటూ చప్పట్లు. కూర్మారావుకి ఒళ్ళు మండింది. ఊరంతా పూజ్యులే అయితే పూజ చేసేదెవరు?

“సింహం, రాజపూజ్యం ఏడు!”

అది ఆదిశేషు రాశి. అచ్చులో దానికి అవమానం ఆరని కూర్మారావు కళ్ళారా చూశాడు, సంతోషించాడు కూడా. ఇక ఆగలేకపోయాడు.

“ఆపండి! ఏటిది పంతులూ? శాస్త్రంతో ఆటలా?”

సన్యాసయ్య ఆయన చెవిలో గొణిగాడు. “నిన్న మీరటు వెళ్ళగానే ఆదిశేషుగారొచ్చారండీ. ఆ వెనకే కమిటీ అంతా వచ్చింది.”

“అదంతా నాకు తెల్దు. సింహానికి అచ్చులో ఉన్నది సదువు!”

“ఒక్క రాశి దిద్దితే దోషం బాబూ. మొదట్నుంచీ చదవాలి,” అని పంతులు గొంతు సవరించుకున్నాడు. “మేషం, రాజపూజ్యం మూడు, అవమానం ఐదు. వృషభం, రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు!”

సభంతా బిత్తరపోయి కూర్మారావు వంక చూసింది. అతిథికి మాత్రం ‘ఏడు’ వినపడింది. లేచి చప్పట్లు కొట్టి, తన మెడలో దండ తీసి కూర్మారావు మెడలో వేశాడు. అప్పుడు నవ్విన సభ ఎన్నికల దాకా నవ్వుతూనే ఉంది. కూర్మారావుకి లేచిన చెయ్యి ఒక్కటే. అది ఆయనదే.

ఇంటికొచ్చి కూలబడ్డ మొగుడి ముందు, పొద్దున్న ముట్టకుండా వదిలేసిన ఉగాది పచ్చడి పెట్టింది రాజ్యం.

“శాస్త్రం అబద్దం సెప్పదని మీరే అన్నారు కదా. పూజ్యం ఒకటీ అయిపోనాది. అవమానాలు ఇంకా ఆరున్నాయి. పచ్చడి తినండి.”