ఉరుముగారి శుక్రవారాలు

నవ్వకండ్రా. ఒక మనిషి శుక్రవారం పోగొట్టుకుని వచ్చి కూర్చుంటే, టీ తాగుతూ నవ్వుతారేంటి? వాచీ పోతే దొంగని తిడతాం. గొడుగు పోతే మతిమరుపుని తిడతాం. రోజు పోతే ఎవర్ని తిట్టాలో చెప్పండి, తిట్టేసి ఇంటికి పోతాను.

మొదట్నుంచీ వినండి. మా గొడుగుల కంపెనీలో నాది ఫిర్యాదుల సెక్షన్. నాకొచ్చే ఉత్తరాలు మూడే రకాలు. గొడుగు తెరుచుకోవడం లేదు. గొడుగు మూసుకోవడం లేదు. గొడుగు నడిరోడ్డు మీద తిరగబడి నా పరువు తీసింది. మూడింటికీ నా జవాబు ఒకటే: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఈ ఆరేళ్ళలో నేను చింతించినంత ప్రపంచంలో ఇంకెవరూ చింతించి ఉండరు.

ఒకరోజు మా మేనేజరు అందర్నీ వరసగా నిలబెట్టాడు. టైముకి రెండు నిమిషాల ముందే ఆలస్యమైందని అరుస్తాడు కాబట్టి ఆయన్ని మేం గడియారంగారంటాం.

"వచ్చేవారం నుంచి మనకి నాలుగు రోజులే పని" అన్నాడు. "శుక్రవారం కూడా సెలవు. జీతంలో కోత లేదు. పనిలోనూ కోత లేదు. ఐదు రోజులది నాలుగు రోజుల్లో తెమలాలి."

మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లకి ఎంతసేపు పట్టిందో వాచీలో చూసుకుని, ఆయన మిగతాది చెప్పాడు. ఇది మూడు నెలల ప్రయోగం. అది ముగిసేలోగా ప్రతి ఉద్యోగి ఇంటికీ ఒక ఫారం వెళుతుంది. అది ఇంట్లోవాళ్ళే నింపాలి. మూడింట రెండొంతుల ఇళ్ళు బాగుందంటే పథకం ఉంటుంది. లేదంటే శుక్రవారం మళ్ళీ కంపెనీది.

చూశారా అన్యాయం? పరీక్ష రాసేది నేను. మార్కులు వేసేది మా ఆవిడ!

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. వారానికి ఆరు రోజులు. భయంతో బిగుసుకుపోయిన వాళ్ళచేత నవ్వుతూ నోరు తెరిపించడం ఆవిడ వృత్తి. ఇక నాచేత తెరిపించడం ఎంతసేపు?

నాకు అప్పటికే శని, ఆదివారాలు సెలవు. సెలవంటే పేరుకే. శనివారం బజారు, ఆదివారం బూజు. ఫ్రిజ్ మీద అంటించిన జాబితా నా ఎత్తుంటుంది. ఈ శుక్రవారం సంగతి కూడా తెలిస్తే ఆ జాబితాకి ఇంకో కాగితం అతికిస్తుంది. అందుకని నేనొక నిర్ణయం తీసుకున్నాను. చెప్పను.

ఫారం మాటేమిటంటారా? అది ఇంటికి రాగానే నేనే ఎడమచేత్తో నింపి పంపేద్దామనుకున్నాను. ఆ రోజు నుంచే ఎడమచేత్తో రాయడం సాధన చేశాను. మూడు వారాలకి అది నా కుడిచేతి రాతకంటే బాగా కుదిరింది. అది వేరే అవమానం.

మొదటి నాలుగు రోజులూ ఎలా గడిచాయో అడక్కండి. సోమవారం పొద్దున ఆఫీసులోకి దూరితే గురువారం బయటపడినట్టుండేది. టీ కప్పు పట్టుకుని నిలబడితే గడియారంగారు "నడుస్తూ తాగండి" అనేవాడు. నడుస్తూ తాగితే "రాస్తూ నడవండి" అనేవాడు. గురువారం సాయంత్రానికి నేను బస్సు కండక్టర్ని టికెట్టు అడిగి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నాను.

కానీ శుక్రవారం! ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్సు పట్టుకుని, ఎప్పటిలాగే ఎనిమిదింటికి బయల్దేరాను. ఇంటికి వెనక్కొచ్చి పడుకునే వీల్లేదు. కింది వాటాలో ఇంటివాళ్ళ పిన్నిగారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది. గేట్లోంచి వెళ్ళిన చీమ తిరిగి రావడం ఆలస్యమైనా ఆవిడకి తెలుస్తుంది. అందుకని పార్కుకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

పదింటికి ఎండ వచ్చింది. పదకొండింటికి ఎండ నా మీదికే వచ్చింది. పన్నెండింటికి పార్కులో ఉన్న కాకులు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టనిపించింది. ఒంటిగంటకి ఆఫీసు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

సాయంత్రం వడలిపోయి ఇంటికొస్తే మా ఆవిడ కంగారుపడింది. "అదేంటండీ, ముఖం అలా కమిలిపోయింది? ఏం జరిగింది ఆఫీసులో?"

అబద్ధం నోటిదాకా వచ్చాక ఆగదు కదా. "కొత్త ఆఫీసరు వచ్చాడు. శుక్రవారం శుక్రవారం వస్తాడట. సర్వీసు సెక్షను. ఉరుముగారు" అన్నాను.

"ఉరుమేంటి?"

"గొంతు అలాంటిది. మేం పెట్టుకున్న పేరు. నన్ను రోజంతా ఎండలో నిలబెట్టి గొడుగులు పరీక్ష చేయించాడు."

ఆవిడ కళ్ళెర్ర చేసింది. నా మీద కాదు, ఉరుము మీద! వేడి టీ ఇచ్చింది. నా వాటా బంగాళాదుంపలు రెండింతలు చేసింది. నాలుగేళ్ళ కాపురంలో నాకు దక్కని జాలి, లేని మనిషి పుణ్యమా అని దక్కింది. ఇంకేం? ప్రతి శుక్రవారం సాయంత్రం ఉరుముగారి కొత్త దుర్మార్గం ఒకటి పట్టుకొచ్చేవాణ్ణి. ఒకవారం నా కుర్చీ లాగేశాడు. ఒకవారం నా గొడుగుతో నన్నే పొడిచాడు. మా ఆవిడ పళ్ళు కొరికేది.

"నేనొచ్చి ఆయనతో మాట్లాడనా?"

"వద్దు వద్దు! ఆడవాళ్ళంటే ఆయనకి భయం. భయపడితే ఇంకా అరుస్తాడు."

"అయితే మా తమ్ముణ్ణి పంపుతా."

మా బావమరిది కుస్తీ నేర్పుతాడు. లేని మనిషి కోసం వెళ్ళి ఉన్నవాళ్ళని విరగ్గొట్టి వస్తాడు. "ఉరుముగారికి గుండె జబ్బు" అని చెప్పి ఆపాను.

ఆరు వారాలు రాజభోగం. ఏడో శుక్రవారం పొద్దున మా ఆవిడ గుమ్మంలో ఏడు విరిగిన గొడుగులు పేర్చింది.

"ఇవేంటి?"

"పిన్నిగారివి, వాళ్ళ చెల్లెళ్ళవి. ఉరుముగారిది సర్వీసు సెక్షనన్నారుగా. ఆయనున్న రోజే తీసుకెళ్ళి బాగుచేయించండి. సాయంత్రానికి కావాలట."

"సోమవారం తీసుకెళతాలే."

"సోమవారం ఆయనుండడుగా?" అంది మా ఆవిడ. ఎంత అమాయకంగా అందంటే, పళ్ళు పీకే ముందు "ఏం నొప్పుండదండీ" అంటుంది చూడండి, అచ్చం అలా.

మబ్బు తునక లేని రోజున, ఏడు గొడుగులు చంకలో పెట్టుకుని పార్కులో కూర్చున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చిన్నపిల్లలు దణ్ణం పెట్టి వెళ్ళారు. చేసేదేముంది? పట్టకారు కొనుక్కొచ్చి నేనే పని మొదలుపెట్టాను. ఆరేళ్ళు ఫిర్యాదులు చదివినవాణ్ణి. గొడుగుకి ఎన్ని రోగాలున్నాయో నాకు తెలుసు, వైద్యమే తెలీదు. సాయంత్రానికి అదీ వచ్చేసింది. చేతులకి పదకొండు చోట్ల ఊచలు గుచ్చుకున్నాయి.

"అబ్బ, ఉరుముగారు ఎంత బాగా చేయించారో!" అని మా ఆవిడ మురిసిపోయింది. తర్వాతి వారం తొమ్మిది గొడుగులు. ఆపై వారం పధ్నాలుగు. ఆఫీసులో నాలుగు రోజులు ఐదు రోజుల పని, ఐదోరోజు పార్కులో ఆరో రోజు పని. వారానికి నా అంత తక్కువ పనిరోజులున్నవాడు నా అంత ఎక్కువ పనిచేసిన దాఖలా లేదు!

పదకొండో శుక్రవారం ఒక పెద్దాయన ఆగి, "బాబూ, ఇదీ చూడు" అని తన గొడుగు నా ఒళ్ళో పడేశాడు. వెనకాలే ఒకావిడ. ఆవిడ వెనకాల ఇంకో ఆరుగురు. అరగంటలో బెంచీ చుట్టూ వరస కట్టారు. వరసలో ఎవరు ముందని కొట్టుకున్నారు కూడా. కొట్టుకోవడానికి చేతిలో ఉన్నవి గొడుగులే కాబట్టి, ఆ గొడుగులూ విరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి.

అప్పుడు పార్కు గార్డు ఈల వేస్తూ వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? ఇక్కడ దుకాణం పెట్టడానికి లైసెన్సుందా?"

"దుకాణమేంటండీ! నేను సెలవులో ఉన్నాను!"

"సెలవా?"

"అవును. హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాను!"

గార్డు నా చేతిలో పట్టకారు చూశాడు. ఒళ్ళో గొడుగు చూశాడు. చుట్టూ ముప్ఫైమందిని చూశాడు. "ఇంత కష్టపడి విశ్రాంతి తీసుకోకూడదు" అని గొడుగులన్నీ మోపు కట్టి తన గదిలో పెట్టి తాళం వేశాడు. శనివారం వచ్చి క్షమాపణ పత్రం రాసిస్తే వదులుతానన్నాడు.

ఉత్తచేతులతో ఇల్లు చేరాను. "గొడుగులేవి?" అంది మా ఆవిడ.

"ఉరుము లాక్కున్నాడు."

"పిన్నిగారి గొడుగుని కూడానా!" అని ఆవిడ లేచింది. "ఇక ఊరుకునేది లేదు. మంచి సమయానికే వచ్చిందిది" అంటూ బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

ఫారం! ఇంటికి వస్తుందని నేను గేటు దగ్గర కాపు కాస్తుంటే, అది ఆవిడ పేరున క్లినిక్కుకి వెళ్ళింది. నా ఎడమచెయ్యి చచ్చుబడిపోయింది.

ఆవిడ బల్ల ముందు కూర్చుని కలం తీసింది. "ఒకటో ప్రశ్న. 'మీ ఇంటి ఉద్యోగి శుక్రవారం సెలవుని ఎలా గడుపుతున్నారు?' సెలవేంటండీ? మీకు సెలవెక్కడుంది? రాస్తున్నా. 'మావారికి ఒక్క శుక్రవారం కూడా సెలవివ్వలేదు. ఉరుము అనే రాక్షసుడు...' రాక్షసుడనచ్చా, ఆఫీసరనాలా?"

"ఆగు! అలా రాస్తే పథకం పోతుంది!"

"ఏ పథకం?"

చూడండి నా పరిస్థితి. నిజం చెబితే శుక్రవారం మా ఆవిడకి పోతుంది. చెప్పకపోతే కంపెనీకి పోతుంది. ఎటూ నాది కాదు!

"రెండో ప్రశ్న. 'ఈ పథకం కొనసాగాలా?'" కలం 'వద్దు' అన్న గడి మీదికి వెళుతోంది. కంపెనీకంటే ఇల్లు నయం కదా అని కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి, మొత్తం కక్కేశాను. పార్కు, బెంచీ, పట్టకారు, ఎడమచెయ్యి, అన్నీ. చివర్లో అలవాటుకొద్దీ, "నీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అది నాకు ఇప్పటికీ కోపం. ఒక మనిషి అంత పెద్ద నిజం చెబితే మర్యాదకైనా ఆశ్చర్యపోవాలి కదా!

"తెలుసు" అంది. "ఆరో శుక్రవారం మధ్యాహ్నం, తిండి మానేసి, ఎండలో నడిచి మీ ఆఫీసుకొచ్చాను. ఆ ఉరుముని నాలుగు దులిపేద్దామని. దారంతా ఏం తిట్టాలో బట్టీ పట్టుకుంటూ వచ్చాను. గేటుకి తాళం. 'శుక్రవారం సెలవేగా తల్లీ' అన్నాడు వాచ్‌మన్."

నేను నేల చూశాను.

"నేను మీకోసం ఏడ్చానండీ. రెండుసార్లు." కలానికి మూత పెట్టింది. "మీకు వారానికి మూడు రోజుల సెలవు. నాకు ఆరు రోజులు పళ్ళ డాక్టరు, ఏడో రోజు మీరు. నా సెలవేదీ? ఆ ప్రశ్న ఈ ఫారంలో ఉందేమో వెతికాను. లేదు."

ఆరేళ్ళలో మొదటిసారి నిజంగా చింతించాను.

"ఇప్పుడా ఫారం..." అని నసిగాను.

"ఇదా? ఇది జెరాక్సు. అసలుది నిన్ననే నింపి పంపేశాను."

"ఏం రాశావు?"

"మీకే తెలుస్తుంది" అని లేచి వెళ్ళిపోయింది.

శనివారం గార్డుకి క్షమాపణ రాసిచ్చి గొడుగులు విడిపించాను. తర్వాతి శుక్రవారం నుంచి నేను ఇంట్లోనే. పొద్దున వంట, ఆపైన ఉతుకుడు, మధ్యాహ్నం గిన్నెలు, సాయంత్రం మళ్ళీ వంట. ఆవిడ వచ్చి చెప్పులు విప్పి, సోఫాలో కాళ్ళు చాపుకుని, నేనిచ్చిన టీ తాగి, "పంచదార తక్కువైంది" అంటుంది. కింద గేటు దగ్గర పిన్నిగారు "బాబూ, తీగ మీద దుప్పటి సరిగ్గా ఆరెయ్యలేదు" అని సలహా ఇస్తుంది. రెండు శుక్రవారాలకి నా నడుం మెలితిరిగిన గొడుగు ఊచలా తయారైంది.

ఫలితం వచ్చింది. పథకం శాశ్వతం! అందరూ ఒకరినొకరు కావలించుకుంటుంటే నేను గడియారంగారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను.

"సార్, శుక్రవారం నాకేదైనా పనుంటే ఇప్పించండి. తాళం తీసి కూర్చోబెట్టినా చాలు. ఫోను మోగకపోయినా ఎత్తుతాను."

ఆయన కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పని వేళల్లో ఒకరి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "ఎంత వినయమయ్యా నీది! నువ్వు ఇంట్లో చేసే సేవ తెలిశాక నీ శుక్రవారం తీసుకుంటే నాకు పాపం తగలదూ? ఓట్లు రెండొంతులకి ఒకటి తగ్గి కంపెనీ పెద్దలు ఊగిసలాడుతుంటే, మీ ఇంటి ఫారమే కదా వాళ్ళకి చదివి వినిపించాను!"

తీసి చూపించాడు. మా ఆవిడ రాత, గుండ్రంగా, ముత్యాల్లా. 'శుక్రవారం మావారు వంట చేస్తారు, బట్టలుతుకుతారు, గిన్నెలు తోముతారు, నేను వచ్చేసరికి టీ పెట్టి ఉంచుతారు. పెళ్ళయిన నాలుగేళ్ళకి నాకూ ఒకరోజు దొరికింది. దయచేసి దీన్ని తీసెయ్యకండి.'

కింద తేదీ చూశాను. నేను కక్కేసిన రోజుకి ముందు రోజు! ఆ తేదీకి మా ఇంట్లో బట్టల సబ్బు ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. ఆవిడ ముందు రాసేసింది. తర్వాత, రాసిందాన్ని తీరిగ్గా నిజం చేసుకుంది.

"కాదు సార్, అది..." అని నోరు తెరిచాను. కాదంటే ఏం చెప్పాలి? "ఆ రోజుల్లో నేను పార్కులో ఉన్నాను సార్" అనా? మూసుకుని వచ్చేశాను.

అందుకని మీకు చెప్పేదేంటంటే, వారానికి ఆరు రోజులు పని కావాలని ఎవరైనా ఉద్యమం లేవదీస్తే నా పేరు మొదట రాయండి. జెండా నేనే మోస్తాను, గొంతు పోయేదాకా నినాదాలిస్తాను. సభ మాత్రం శుక్రవారం పెట్టకండ్రా బాబూ. ఆ రోజు నాకు అస్సలు తీరదు.